మంచంలో వాటా

చిన్నోడు పరాయి దేశంలో దిగిన రోజునే ఇంటావిడ రూలు చెప్పేసింది.

"మంచం ఒకటే. రాత్రి నీది. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఇంకొకాయనది. రాత్రిళ్ళు ఆయనకి డ్యూటీ. ఇద్దరూ ఒకేసారి గదిలో కనిపించారో, ఇద్దర్నీ బయటికి పంపించేస్తా. తర్వాత నన్నని లాభం లేదు."

చిన్నోడు పెట్టె కింద పెట్టి మంచం వైపు చూశాడు. ఇన్ని కోటలూ బురుజులూ ఉన్న ఊళ్ళో తనకి దొరికింది సగం మంచమా!

ఊరు మాత్రం ఫొటోల్లో చూసినట్టే ఉంది. రాతి వీధులు, రాతి వంతెన, రాతి గోపురాలు. ఫొటోలో చలి కనిపించదు కదా! ఇక్కడ అతనితో మాట్లాడేవాళ్ళు టూరిస్టులే. వాళ్ళు కూడా ఫొటోకి అడ్డం తప్పుకోమనడానికే మాట్లాడతారు. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి క్యాంటీన్‌లో అంట్లు. చేతులు పగిలాయి. ఏడుపొస్తే ఏడవడానికైనా చోటు లేదు.

ఒకే ఒక్క ఆశతో వచ్చాడు. ఈ యూనివర్సిటీలో చదివి, ఈ యూనివర్సిటీలోనే చరిత్ర చెప్పాలి. నల్లకోటు వేసుకుని, ఆ ఎత్తైన వేదిక మీద, పాతకాలపు నల్లబల్ల ముందు నిలబడాలి. అక్కకి మాటిచ్చి మరీ విమానం ఎక్కాడు.

ఆ ఆశ మీద నీళ్ళు పోసింది సాక్షాత్తూ చరిత్ర మాస్టారే. ఓ రోజు క్లాసయ్యాక చిన్నోడు భయం భయంగా వెళ్ళి అడిగాడు.

"సార్, మీలా ఇక్కడ పాఠాలు చెప్పాలంటే ఏం చెయ్యాలి?"

ఆయన ఎర్రటి కళ్ళతో ఎగాదిగా చూశాడు.

"ఇంటికెళ్ళిపో. ఇప్పుడే వెళ్ళిపో. ఏదైనా చేతిపని నేర్చుకుంటే బతుకుతావు."

అందరూ విన్నారు. చిన్నోడికి తల కొట్టేసినట్టయింది. సాయంత్రం ఫోన్లో అక్క దగ్గర బావురుమన్నాడు.

"వచ్చెయ్‌రా నాన్నా. బావ షాపులో కూర్చుందువుగాని. ఎవరేమనుకుంటే మనకేంటి?"

"ఉంటానో లేదో శుక్రవారంలోగా కాలేజీ ఆఫీసులో చెప్పాలక్కా. ఆ తర్వాత వద్దన్నా కుదరదు."

"అంత ఊళ్ళో నీకంటూ ఒక్కడు కూడా లేడా?"

"ఉన్నాడు. నా మంచం పార్ట్‌నర్."

నిజమే. మనిషిని చూడకుండానే ఆయనతో చెలిమి కుదిరింది. చిన్నోడు వచ్చేసరికి పరుపు ఇంకా వెచ్చగా ఉంటుంది. ఫ్లాస్కులో వేడి టీ ఉంటుంది. ఓసారి అతని చొక్కా చిరుగు ఎవరో కుట్టి పెట్టారు. ఎవరో ఏమిటి, ఆయనే. బదులుగా చిన్నోడు క్యాంటీన్‌లో మిగిలిన బన్నులు దిండు పక్కన పెట్టి వెళ్తాడు. ఆ దిండుతోనే చిక్కు. రోజూ దాని మీద తెల్లటి పొడి. దులిపితే తుమ్ములే తుమ్ములు.

"సున్నం పనివాడై ఉంటాడక్కా. పగలంతా టూరిస్టులుంటారు కదా, పాత కట్టడాలకి రాత్రిళ్ళు సున్నం కొట్టిస్తారేమో. పాపం, చదువబ్బి ఉంటే ఆయనకి ఈ ఖర్మ పట్టేది కాదు."

"ఓహో! చదువబ్బిన తమరు ఏ పట్టుపరుపు మీద పడుకుంటున్నారేంటి?"

చిన్నోడు ఆ ఊరొచ్చాక మొదటిసారి నవ్వాడు.

గురువారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఉండగానే ఒళ్ళు కాలిపోసాగింది. చేతిలో ప్లేట్లు జారి ముక్కలయ్యాయి. మేనేజరు పొమ్మన్నాడు. జ్వరంతో ఆ చలిలో ఎంతసేపని తిరుగుతాడు? ఇంటికొచ్చి చూస్తే ఇంటావిడ లేదు, కింద ఆవిడ వాటాకి తాళం వేసి ఉంది. రూలు సంగతి తర్వాత చూసుకోవచ్చని మెట్లెక్కాడు. పైమెట్టు మీద కూలబడి అక్కకి ఫోన్ చేశాడు.

"నేను రానక్కా. ఉండిపోతా. పొమ్మన్నాడే ఆ మాస్టారు, ఆయన కళ్ళముందే మాస్టారినవుతా. అయిన రోజున మొట్టమొదట ఈ సున్నం పనాయనకి సొంతంగా ఓ మంచం కొనిపెడతా. ఒట్టు!"

"పిచ్చి సన్నాసీ," అంది అక్క. "సరేలే, ఉండు. నీ ఇష్టం."

మనసు మారకముందే ఆఫీసుకి 'ఉంటున్నాను' అని మెసేజ్ పెట్టేశాడు. గుండె తేలికపడింది.

చప్పుడు చెయ్యకుండా తలుపు తోశాడు. మంచం మీద మనిషి గోడవైపు తిరిగి, నిండా ముసుగుతన్ని పడుకున్నాడు. పక్కన బన్ను సగం తిని, మిగతా సగం జాగ్రత్తగా కాగితంలో చుట్టి ఉంది. పాపం, అలిసిపోయిన మనిషిని లేపడం ఎందుకని చిన్నోడు నేలమీద కూర్చోబోయాడు. పాడు దగ్గు ఆగలేదు.

ఆ దగ్గుకి ఉలిక్కిపడి, ముసుగు లాగేసి లేచి కూర్చున్నాడు, పొద్దున నల్లకోటు వేసుకుని నల్లబల్ల ముందు పాఠం చెప్పిన చరిత్ర మాస్టారు, చేతులకింకా అంటుకున్న సుద్దపొడితోనే.