నీకొక్కడికే చెబుతున్నా

"బంతి నాకిస్తే నీ సొమ్మేం పోయేది?" అంటూ, జట్టులో అందరూ జింక అని పిలిచే కుర్రాడు, తుపాకి అని పిలిచేవాడి జెర్సీ పట్టుకుని గుంజాడు.

విరామం మొదలై నిమిషం కూడా కాలేదు. బట్టలు మార్చుకునే గదిలో చెమట వాసన, నొప్పుల మందు వాసన కలిసి కొడుతున్నాయి. జట్టు రెండు గోల్స్ వెనకబడి ఉంది. ఈ ఆట ఓడితే కింది డివిజన్‌కి దిగిపోవడమే. దిగిపోతే క్లబ్బుకు తాళం వేసేస్తానని యజమాని పొద్దున్నే తేల్చి చెప్పేశాడు.

"నీకిస్తే ఏం చేస్తావు? నలుగురి మధ్యలోకి దూరి పోగొట్టుకొస్తావు. గోల్ కొట్టాల్సింది నేను," అన్నాడు తుపాకి.

"నువ్వు కొట్టి ఎన్నాళ్ళయింది?"

"నువ్విచ్చి ఎన్నాళ్ళయింది?"

మైదానం అంచు వెంట పరిగెత్తడంలో జింకను మించినవాడు లేడు. తుపాకి కాలి దెబ్బకు తిరుగు లేదు. వెనక కాపు కాసే ఆరడుగుల మనిషిని అందరూ గోడ అంటారు. ఆ గోడ బెంచీ మీద కూర్చుని తాపీగా బూటు లేసు కట్టుకుంటున్నాడే గానీ, లేచి వాళ్ళను విడదీయలేదు. తక్కినవాళ్ళూ అంతే, కొట్టుకు చస్తే చావనీ అన్నట్టున్నారు.

ఆటగాళ్ళ కాళ్ళు పట్టే పెద్దాయన, తలుపు దగ్గర నిలబడ్డ కోచ్ పక్కకు జరిగాడు. "పదకొండు మందీ పెళ్ళికొడుకులే సార్. పల్లకీ మోసేవాడే లేడు. ఎవరికి వారే యమునా తీరే. వీళ్ళనిట్లా చెడగొట్టిందెవరో గానీ..."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు కోచ్ ఉలిక్కిపడ్డాడు. చేతిలో పలక ఉంది. ఎనిమిది వారాలుగా దాని మీద బాణాలు గీసి, ఇటివ్వు, అటివ్వు అని గొంతు చించుకున్నాడు. ఒక్క బాణమూ పక్కవాడి కాలి దాకా పోలేదు. ఎందుకు పోలేదో అతనికి బాగా తెలుసు. తెలిసి కూడా నిన్నటికి నిన్న వాళ్ళనే తిట్టాడు.

అతను పలకను తలుపు పక్కన పెట్టేశాడు.

"చెడగొట్టింది నేనే. అందరూ కూర్చోండి."

తుపాకి, జింక విడిపడి చెరో పక్కన కూర్చున్నారు.

"సీజన్ మొదట్లో మిమ్మల్ని ఒక్కొక్కర్నే బంతుల గదిలోకి పిలిచాను. గుర్తుందా?"

ప్రతివాడూ తన బూట్ల వంకే చూసుకున్నాడు.

"తలుపేసి ఒక మాట చెప్పాను. ఈ జట్టులో ఆటంటే తెలిసింది నీకొక్కడికే, మిగతావాళ్ళు లెక్క నింపడానికున్నారు, ఎవరితో అనకు అన్నాను. ఆ మాట పదకొండు సార్లు చెప్పాను. పదకొండు మందికీ చెప్పాను."

"అందరికీనా?" అన్నాడు జింక.

"అందరికీ. మీలో హుషారు వస్తుందనుకున్నాను. అదే పెద్ద ఎత్తుగడ అనుకున్నాను. వచ్చింది కూడా, మొదటి మూడు ఆటలూ గెలిచాం. ఆ తర్వాత మీరు బంతి ఇచ్చుకోవడం మానేశారు. నేనేమో తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, మిమ్మల్ని ఎండలో మైదానం చుట్టూ పరిగెత్తించాను. తప్పు నాది. నన్ను క్షమించండి."

కోచ్‌కి కొడుకుల ఈడువాళ్ళ ముందు తల వంచడం అంత కష్టమనిపించలేదు గానీ, మళ్ళీ తలెత్తి వాళ్ళ కళ్ళలోకి చూడటం మాత్రం చేతకాలేదు.

తుపాకి లేచాడు. వెళ్ళి జింక భుజం తట్టాడు. "పదరా, ఆడదాం."

అప్పుడు ఆడారు ఆట. గోడ దగ్గర్నుంచి బంతి జింకకు, జింక దగ్గర్నుంచి తుపాకికి, చెయ్యి మార్చినంత సులువుగా వెళ్ళింది. గోల్ ఎదురుగా ఖాళీగా ఉన్నా, తుపాకి తను కొట్టకుండా పక్కవాడికి అందించాడు. ఒకటి, రెండు, చివరి నిమిషంలో మూడు. జనం గోల చేస్తుంటే కోచ్ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇంత చిన్న నిజం ముందే చెప్పి ఉంటే పిల్లలకు ఎనిమిది వారాల నరకం తప్పేది కదా అని కుమిలిపోయాడు.

ఆట అయ్యాక తన గదిలోకి వచ్చి కూలబడ్డాడు. తలుపు తట్టి తుపాకి లోపలికి వచ్చాడు. వస్తూనే తలుపు జాగ్రత్తగా మూశాడు.

"సార్, మీ అబద్ధం భలే పనిచేసింది."

"అబద్ధమేమిటి?"

"అదే, అందరికీ చెప్పానన్నారే. పాపం, వాళ్ళు నిజమేననుకున్నారు. వాళ్ళ మనసు నొప్పించకుండా మీరట్లా అనాల్సొచ్చిందని నాకు అర్థమైంది. అందుకే నేను కూడా పెద్దమనసు చేసుకుని బంతి ఇచ్చాను. మీరు నిజంగా చెప్పింది నాకొక్కడికేనని ఎక్కడా పొక్కనివ్వను లెండి."

"కాదు నాయనా, నేను నిజంగానే..."

"నా దగ్గర కూడా దాపరికమేంటి సార్?" అంటూ తుపాకి నవ్వి, వెళ్ళిపోయాడు.

సీజన్ మొదట్లో చెప్పిన అబద్ధాన్ని నమ్మించడానికి కోచ్‌కి ఒక్క మాట చాలింది. నిజాన్ని నమ్మించడానికి ఏం చెయ్యాలో తెలియలేదు. అందర్నీ మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టి, ఒట్టేసి చెప్పాలనుకుని గబగబా తలుపు తీశాడు.

బయట తక్కిన పది మందీ, కోచ్‌తో ఒంటరిగా ఒక్క నిమిషం మాట్లాడాలని వరసలో నిలబడి ఉన్నారు.