హాలరన్‌ని కూర్చోబెట్టండి

“ఫస్ట్ బేస్‌లో... గస్ హాలరన్!”

మైకులో ఆ పేరు వినబడగానే బేస్‌బాల్ స్టేడియంలో చౌక సీట్ల జనమంతా ఒక్కసారి గోల పెట్టారు.

“మళ్ళీ వాడేనా! ప్రూయిట్‌కి కళ్ళు పోయాయా?” లెనీ అరిచాడు. చేతిలో బీరు సగం ఒలికిపోయినా చూసుకోలేదు.

“హాలరన్ జోలికి రాకు,” అన్నాడు పక్కనున్న ఓటిస్. “మిగతా విషయాల్లో ప్రూయిట్‌ని ఎంత తిట్టినా నేను తోడొస్తా. బాగా కొడుతున్న స్విడర్స్కీని బెంచీ మీద పడేశాడు. పరుగెత్తలేనివాణ్ణి అందరికంటే ముందు బ్యాటింగ్‌కి పంపుతున్నాడు. గుడ్డెద్దు చేలో పడ్డట్టుంది వీడి యవ్వారం!”

జట్టులో ఎవరు ఆడాలో, ఏ వరుసలో దిగాలో తేల్చేది మేనేజర్ ప్రూయిట్. 1983 జూన్‌లో అందరికంటే పైనున్న ఫెర్రీమెన్ జట్టు ఆగస్టుకి అడుక్కి జారింది. కారణం ప్రూయిటేనని ఈరీ సరస్సు ఒడ్డున చేపలమ్మేవాళ్ళకి కూడా తెలుసు. తెలియనిది ప్రూయిట్‌కే.

హాలరన్ సంగతి వేరు. పదేళ్ళుగా అతను ఒక్క ఆట కూడా మానలేదు. ఇంకో వారం ఆడితే క్లబ్బు రికార్డు అతనిదే. ఆ రోజు పండగ చేస్తారట, టికెట్లు అప్పుడే జోరుగా అమ్ముడవుతున్నాయి. అందుకే అతను ఎంత చెత్తగా ఆడినా ప్రూయిట్ పక్కన పెట్టడం లేదని జనం మంట.

అందరికంటే ఎక్కువ మంట ముందు వరసలో ఉన్న ఒకావిడది. తలకి నీలం రుమాలు కట్టుకుని మూడు రోజులుగా రోజూ వస్తోంది. చేతిలో అట్టముక్క. దాని మీద పెద్ద అక్షరాలతో ‘హాలరన్‌ని కూర్చోబెట్టండి’ అని రాసి ఉంది.

“ప్రూయిట్! సిగ్గుందా నీకు?” ఆమె గొంతు చించుకుంది. “గెలవడానికి ఆడిస్తున్నావా, టికెట్లు అమ్ముకోడానికా?”

ఓటిస్‌కి ఒళ్ళు మండింది. “ఏవమ్మా! ప్రూయిట్ మీద కోపముంటే ప్రూయిట్‌నే తిట్టు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తావేం? హాలరన్ ఏం చేశాడు?”

“ఏం చేశాడా?” లెనీ అందుకున్నాడు. “ఆదివారం చూళ్ళేదా? ఇద్దరే ఔటైతే ముగ్గురూ అయిపోయారనుకుని చేతిలో బంతి జనంలోకి విసిరేశాడు! అవతలివాళ్ళు నవ్వుకుంటూ పరుగు తీసుకున్నారు. తాగొచ్చాడేమో!”

“ఎండరా! ఆ ఎండకి ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. రెండు వారాల కింద బంతి నేరుగా తలకి తగిలింది, హెల్మెట్ పగిలింది. అయినా మర్నాడు దిగాడు. మగాడంటే అదీ!”

“దించినవాణ్ణి చెప్పుచ్చుకు కొట్టాలి,” అందామె వెనక్కి తిరిగి. “ప్రూయిట్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఆటలో ఆడవాళ్ళకేం తెలుసు, పెట్టేయ్ అన్నాడు.”

“వాడు ఇన్నాళ్ళకి ఒక్క తెలివైన మాట అన్నాడు,” అన్నాడు ఓటిస్. చుట్టుపక్కలవాళ్ళు పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు.

మూడో ఇన్నింగ్స్‌లో హాలరన్ తన వంతు రాకముందే బ్యాటు పట్టుకుని బయల్దేరాడు. జట్టువాడొకడు మోచెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళాడు. జనం ఈలలు వేశారు. అసలు వంతు వచ్చాక కదలకుండా నిలబడి, కొట్టాల్సిన మూడు బంతులూ వదిలేసి రూలు ప్రకారం ఔటయ్యాడు. అంతసేపూ కళ్ళు గట్టిగా మూసుకున్న ఆమె, ఔటని వినగానే చప్పట్లు కొట్టింది.

“ఛీ, ఏం మనిషివమ్మా! మన ఆటగాడు ఔటైతే చప్పట్లా?” అన్నాడు ఓటిస్.

“అవును పెద్దాయనా, తొందరగా ఔటైతే నాకు సంతోషమే.”

ఏడో ఇన్నింగ్స్ వచ్చేసరికి ఫెర్రీమెన్ ఒక్క పరుగు వెనకబడి ఉంది. మూడు బేసుల్లోనూ మనవాళ్ళే, ఒక్క మంచి దెబ్బ పడితే ఆట మనదే. వంతు హాలరన్‌ది. ఆమె సీటు మీదకెక్కి అట్టముక్క పైకెత్తింది. “కూర్చోబెట్టు! కూర్చోబెట్టు!” ముందు లెనీ గొంతు కలిపాడు, తర్వాత వరసంతా, తర్వాత స్టేడియమంతా.

ప్రూయిట్ బెంచీ దగ్గర్నుంచి బయటికొచ్చాడు. స్విడర్స్కీ గబగబా బ్యాటు అందుకున్నాడు. జనం గప్‌చుప్ అయిపోయారు. ఆమె రెండు చేతులూ జోడించుకుంది.

ప్రూయిట్ ఒకసారి స్టాండ్ల వైపు చూశాడు. స్విడర్స్కీని కూర్చోమని సైగ చేసి, హాలరన్ వీపు తట్టి ముందుకి పంపాడు.

“అద్దీ!” ఓటిస్ తొడ చరిచాడు. “ఈ ఏడాది ప్రూయిట్ చేసిన మంచి పని ఇదొక్కటే! ఇప్పుడేమంటావమ్మా?”

మొదటి బంతి హాలరన్ ముఖానికి జానెడు దూరంలో దూసుకెళ్ళింది. అతను తప్పుకోలేదు. బంతి వెళ్ళిపోయాక నింపాదిగా తల తిప్పి చూశాడు. ఆమె కెవ్వుమంది. అట్టముక్క చేజారింది. సీట్లో కూలబడి, రుమాలు కొస నోట్లో కుక్కుకుని ఏడవసాగింది.

ఓటిస్ కోపం ఇంకా చల్లారలేదు. వంగి ఆమె భుజం దగ్గర నిలబడి అడిగాడు.

“పదేళ్ళు ఈ ఊరి కోసం ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి మీద నీకెందుకమ్మా అంత కక్ష? నీకేం ద్రోహం చేశాడు?”

ఆమె తల తిప్పలేదు. చూపు బ్యాటు పట్టుకుని నిలబడ్డ హాలరన్ మీదే ఉంది.

“పొద్దున మా ఆయనకి నా పేరు గుర్తు రాలేదు.”