తొట్టిలో ఉసిరి

"ఆకు లేని చెట్టుకి నీడెక్కడిదిరా?" అంటూ అప్పాయమ్మ విస్తరి పక్కకి జరిపేసింది.

కార్తీకమాసం మొదలై అయిదు రోజులు. నెలంతా ఒంటిపూట, అదీ ఉసిరి నీడలోనే తింటానన్నది ఆవిడ పాత మొక్కు. కాళ్ళు పడిపోయి తోటకి వెళ్ళలేని తల్లి కోసం కొడుకు అప్పాజీ ఎనిమిదేళ్ళ కిందట ఒక ఉసిరి మొక్కని రాతి తొట్టిలో నాటాడు. ఏటా చిగుళ్ళు గిల్లి, కొమ్మల్ని అరటినారతో వంచి కట్టి, రెండు మూరలు దాటకుండా గొడుగులా పెంచాడు. దాని నీడ సరిగ్గా విస్తరి మీద పడేది.

ఈ ఏడు ఆకంతా రాలిపోయింది.

"నీడ లేకపోతేనేం, చెట్టు చెట్టే కదండీ అత్తయ్యగారూ. రెండు ముద్దలు తినండి," అని కోడలు రామతులసి బతిమాలింది.

"దేవుడితో బేరమాడమంటావా?"

పూటకో గుక్కెడు మజ్జిగతో మనిషి చిక్కి సగమైంది. నెలాఖరుదాకా ఉంటుందన్న ఆశ ఎవరికీ లేదు.

ఆ మధ్యాహ్నం చేపలమ్మే ముసలామె ఒకతె గంపతో దొడ్డిగుమ్మంలో నిలబడింది.

"కార్తీకంలో చేపలెవరు కొంటారమ్మా? మతుండే వచ్చావా?" అంది రామతులసి.

"గంప ఖాళీయేనమ్మా. చూసిపోదామని వచ్చా." ముసలామె చూపు వసారాలోని తొట్టి మీద పడింది. "అయ్యయ్యో, దానికి ఊపిరాడట్లేదు! అడుగున బెజ్జమేదీ?"

"మైనంతో మూసేశారు. పూజ చేసిన నీళ్ళు కారితే కాళ్ళతో తొక్కుతామని మా ఆయన పోయిన కార్తీకంలో..."

"నీళ్ళు పోయే దారి లేకపోతే వేళ్ళు కుళ్ళిపోవా? మేం పడవకి చిల్లి మూసి బతుకుతాం. మీరు తొట్టికి మూసి చంపుతారేంటమ్మా!"

రామతులసి అటూ ఇటూ చూసింది.

"తియ్యగలవా?"

ముసలామె నడుముకున్న చిన్న కత్తితో మైనం పెకలించింది. కంపు కొడుతూ నల్లటి నీళ్ళు వసారా అంతా పారాయి.

అప్పుడే అప్పాజీ వచ్చాడు.

"ఎవర్తివే నువ్వు? చేపల చేతుల్తో దేవుడి చెట్టుని ముట్టుకుంటావా?"

"కోప్పడకు బాబూ. బెజ్జం మాత్రం మళ్ళీ మూయకు."

"ముందు బయటికి నడువు!"

గంప తీసి వీధిలోకి విసిరేశాడు.

ముసలామె అతని ముఖంకేసి కాసేపు అలాగే చూసి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. లోపల మంచం మీద అప్పాయమ్మ కళ్ళు మూసుకుంది. నోరు విప్పలేదు.

అప్పాజీ కడవల కొద్దీ పసుపునీళ్ళు పోసి చెట్టుకి శుద్ధి చేశాడు.

"మైనం తే," అన్నాడు.

"అయిపోయిందండీ," అని రామతులసి అబద్ధమాడింది.

పౌర్ణమి నాటికి కొమ్మకొమ్మనా చిగురేసింది. అప్పాయమ్మ ఆ చారెడు నీడలోకి విస్తరి జరుపుకుని రెండు ముద్దలు తింది.

అప్పాజీ మాత్రం చెట్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"నిజం చెప్పు. దీన్ని బతికించింది నా పూజా, ఆవిడ కత్తా?"

"ఆ మాట నన్నడిగితే ఏం లాభమండీ? ఉప్పాడ మనిషట, పేరు తలుపులమ్మట. పక్కింటివాళ్ళు చెప్పారు," అంది రామతులసి.

మర్నాడు పొద్దున్నే కొత్త కోక ఒకటి తీసుకుని అప్పాజీ ఉప్పాడకి నడిచాడు. మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చాడు. కోక చేతిలోనే ఉంది.

అప్పాయమ్మ విస్తరి ముందు కూర్చుని ఉంది.

"ఇవ్వలేదేంరా?"

"ఆవిడ పోయి మూడు రోజులైందమ్మా. ఆ రోజు జ్వరంతోనే మనూరు నడిచొచ్చిందట. కళ్ళు మూసేలోగా ఒక్కసారి చూసి రావాలందట. ఎవర్నో మరి, వాళ్ళకీ తెలీదు."

అప్పాయమ్మ చేతిలోని ముద్ద జారిపోయింది.

"నూతి దగ్గరికెళ్ళి తలస్నానం చెయ్యి నాయనా."

"చేపలావిడ పోతే మనకి మైలేంటమ్మా?"

"నాకు లేదురా, నీకుంది. కులంలో వెలేస్తారని ఇన్నేళ్ళూ నోరు కుట్టుకున్నాను," అంది అప్పాయమ్మ. "ఉప్పెన వచ్చిన ఏడు నా పాలు ఇంకిపోతే, ఏడు నెలలు నీకు రొమ్మిచ్చి బతికించిన తల్లి ఆవిడ."