మహారాణి మాయం

"పెట్టె ఖాళీగా ఉంది! మహారాణి ఏది?"

ఆ కేకకి భర్త స్నానాల గదిలోంచి తల తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. గాజు పెట్టె ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది భార్య. గుమ్మం పక్కన ఆమె సంచులు మూతులు కట్టించుకుని సిద్ధంగా ఉన్నాయి. ఇవాళ ఆమె అక్కగారింటికి వెళ్ళిపోతోంది. చుట్టపు చూపుగా కాదు, మొత్తానికే. బట్టలు, కుట్టుమిషను, పూలకుండీలు అన్నీ సర్దేసుకుంది. ఆఖరికి తన పెంపుడు సాలీడును తీసుకుందామంటే అది కాస్తా లేదు.

మహారాణి అరచేతంత టరాంటులా జాతి సాలీడు. ఒళ్ళంతా నల్లటి నూగు, కాళ్ళ మీద నారింజ రంగు చారలు. చెట్లెక్కే జాతి, నేల మీద కాలే పెట్టదని అమ్మినవాడు ఒట్టేసి మరీ చెప్పాడు. అందుకని భర్త ఎత్తుగా ఉండే పెట్టె చేయించి, అందులో ఓ బెరడు చెక్క నిలబెట్టాడు. అడుగున జానెడు మట్టి పోసింది మాత్రం భార్యే. ఆమె పనిచేసేది మొక్కల నర్సరీలో, మట్టి లేనిదే ఆమెకి పొద్దుపోదు. "చెట్టు మీద బతికేదానికి ఇంత మట్టెందుకే?" అని అతను మొత్తుకున్నా వినిపించుకోలేదు.

ఇప్పుడా చెక్క మట్టి మీద పడి ఉంది. పెట్టె మూత ఓరగా జరిగి ఉంది. భర్త చటుక్కున కప్పుకేసి చూశాడు.

"మూత నెట్టుకుని పైకెక్కేసింది!"

"సామాను దించనా మరదలా?" అంటూ మెట్లెక్కి వస్తున్నాడు అక్క మొగుడు.

"ఆగు బావా, సాలీడు తప్పించుకుంది."

అంతే, బావగారు ఎక్కడివాడు అక్కడే ఆగిపోయాడు. మనిషి చూస్తే గుమ్మం నిండుగా ఉంటాడు గానీ బొద్దింకను చూస్తే కుర్చీ ఎక్కేసే రకం.

"అది దొరికేదాకా ఒక్క సంచీ కూడా నా వ్యాను ఎక్కడానికి వీల్లేదు. వాటిల్లో దూరలేదని ఏంటి నమ్మకం? అన్నీ విప్పి దులపండి ముందు!" అని అరిచి, వచ్చినంత వేగంగా దిగిపోయాడు.

ఇక వెతుకులాట మొదలైంది. భర్తది ఇళ్ళకి ఫాల్స్ సీలింగ్ బిగించే పని. అతని కళ్ళెప్పుడూ పైనే ఉంటాయి. ఇంటికొచ్చినా మంచం మీద పడి కప్పుకేసి చూస్తుంటాడు. భార్య ఎంత మాట్లాడినా ఒక్క "ఊఁ" పారేసి ఊరుకుంటాడు. ఆమె ఇవాళ ఇల్లు వదిలి పోతున్నది ఆ "ఊఁ" పడలేకే. ఉండమని అడగాలని అతనికి ఎంతో ఉంది, నోరు పెగిలితేగా!

అతను స్టూలెక్కాడు. ఆమె మట్టి గోళ్ళతో స్టూలు కాళ్ళు పట్టుకుంది.

"ఫ్యాను రెక్కల మీద చూడు."

"లేదు."

"కర్టెను కడ్డీ వెనకో?"

"అక్కడా లేదు. స్టూలు గట్టిగా పట్టుకో."

"పట్టుకున్నాలే. నువ్వు పడితే మోయలేక చావాలి."

అతను బీరువా మీద దుమ్ము చేత్తో తడుముతూ, ఆమె మొహం కనబడకపోవడం వల్లేనేమో, ఉన్నట్టుండి అన్నాడు: "నువ్వు పనికెళ్ళాక రోజూ దానితో మాట్లాడేవాణ్ణి."

"సాలీడుతోనా? ఏమని?"

"నీకు చెప్పాల్సినవన్నీ."

స్టూలు కొంచెం కదిలింది.

"చెవుల్లేనిదానికి చెప్పావు గానీ, నాకు చెప్పడానికేం నొప్పి?"

"అది తిరిగి ప్రశ్నలెయ్యదుగా."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు వింటే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాత సంచులు విప్పారు. ఒక్కో బట్టా తీసి దులపడం, మళ్ళీ సాలీడు దూరకుండా బీరువాలో పెట్టి తలుపు మూయడం. కుట్టుమిషను కిటికీ దగ్గరికి, కుండీలు బాల్కనీలోకి చేరిపోయాయి.

"నీకు రావలసిన పెద్ద సీలింగు పని చెయ్యి జారిందని ఎవరో చెబితే తెలిసింది. నాతో ఎందుకనలేదు?" అందామె ఓ దుప్పటి దులుపుతూ.

"దిగులు పడతావని."

"అనకపోతే ఎగిరి గంతేస్తున్నాననుకున్నావా?"

"తప్పే," అన్నాడతను. అందులో "ఊఁ" లేదు.

పొద్దు వాలింది. కింద వ్యాను హారను మోగీ మోగీ అలిసిపోయింది.

"ఆకలికి ప్రాణం పోతోంది! నేను పోతున్నా. అది దొరికాక ఫోను చెయ్యి!" అని కిందినుంచే కేకేసి, బావగారు బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

భార్య టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. భర్త ఉసూరుమంటూ గాజు పెట్టె ముందు చతికిలపడ్డాడు. పడిపోయిన చెక్కని నిలబెడదామని ఎత్తాడు.

దాని కింద మట్టిలో గుండ్రటి కన్నం. లోపలంతా తెల్లటి పట్టులాంటి గూడు. అందులోంచి నారింజ చారల కాళ్ళు రెండు బయటికి చాపుకుని, మహారాణి హాయిగా కూర్చుని ఉంది! చెట్లెక్కే జాతి కాస్తా, భార్య పోసిన మట్టిలో ఇల్లు తవ్వుకుంది. పొద్దుట్నుంచీ అతను కప్పులు గాలిస్తుంటే, అది పెట్టె దాటితే ఒట్టు.

"దొరికింది!" అన్న అరుపు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. నిండుగా ఉన్న బీరువా కేసి చూశాడు. ఇప్పుడు దొరికిందంటే ఆ బట్టలన్నీ మళ్ళీ సంచుల్లోకి పోతాయి. చప్పుడు కాకుండా చెక్కని మళ్ళీ కన్నం మీద బోర్లించాడు.

"కనబడిందా?" టీ గ్లాసులతో వచ్చింది భార్య.

"ఎక్కడ! ఇంకా చాలా రోజులు వెతకాలేమో. నువ్వు లేకపోతే స్టూలు ఎవరు పట్టుకుంటారు?" అని నేల చూపులు చూశాడు. తర్వాత తలెత్తి, మొదటిసారి ఆమె కళ్ళలోకి చూస్తూ అనేశాడు. "అది దొరికినా వెళ్ళకు. నాకు నువ్వు కావాలి."

ఆమె గ్లాసు అతని చేతిలో పెట్టి పక్కనే కూర్చుంది.

"ఈ మాట పొద్దున్నే అనుంటే నాకింత చాకిరీ తప్పేది. నువ్వు స్నానానికెళ్ళినప్పుడు మూత జరిపి, ఆ కన్నం మీద చెక్క కప్పిందెవరనుకున్నావ్?"