ఎవరికి ఏ రసం

సీసా గోడకు తగిలి, నేల మీద దొర్లుకుంటూ ట్రెడ్‌మిల్ కిందికి పోయింది. ప్లాస్టిక్‌ది కాబట్టి పగల్లేదు. అడుగున మిగిలిన బీట్‌రూట్ రసం మాత్రం తెల్లటి గోడ మీద ఎర్రగా జారింది.

"ఒట్టి రంగునీళ్లు తాగించావు కదే నాకు! సొంత అక్కవి!"

నిన్న సాయంత్రం నుంచి చెల్లెలు 'అక్కా' అనడం మానేసింది. అక్క తుడుపుగుడ్డ అందుకుంది.

"గొంతు తగ్గించు. పక్క ల్యాబ్‌లో వేరేవాళ్ల పరీక్ష జరుగుతోంది."

"జరగనీ. అందరూ వినాలి. ఆ కొంగకేమో అసలు రసం, నాకేమో ఉత్త నీళ్లు. లేకపోతే అది నన్ను దాటేదా?"

కొంగ అంటే జట్టులో ఇంకో అమ్మాయి. పొడుగు కాళ్లది. నిన్నటి పరుగుపోటీలో ఆఖరి మలుపు దగ్గర చెల్లెల్ని దాటేసి, జాతీయ జట్టులో ఉన్న ఒకే ఒక్క చోటు తన్నుకుపోయింది.

రోజూ బీట్‌రూట్ రసం తాగితే పరుగులో ఓపిక పెరుగుతుందా అన్నది అక్క పరిశోధన. జట్టులో సగం మందికి అసలు రసం, మిగతా సగానికి సత్తువ తీసేసిన రసం. రంగూ రుచీ ఒకటే. ఎవరిది ఏదో తాగేవాళ్లకూ తెలియదు, కొలిచే అక్కకూ తెలియదు. సీసాలు నింపి, మూతల మీద ఒక్కొక్కరి అంకె వేసి ఫ్రిజ్‌లో పెట్టేది మందుల విభాగంలో ఒకాయన. సొంత చెల్లెలు జట్టులో ఉంది కాబట్టి ఆ ఫ్రిజ్ ఛాయలకు కూడా వెళ్లనని పరిశోధనల్లో న్యాయం చూసే ఎథిక్స్ కమిటీకి అక్క మాట ఇచ్చింది. ఇచ్చిన మాట తప్పలేదు.

"నాకు తెలియదని ఎన్నిసార్లు చెప్పాలే?"

"తెలుసుకోవాలంటే ఎంతసేపు? అమ్మ కూడా అడిగిందిగా, కాస్త కనుక్కుని దానికి మంచిది ఇవ్వమ్మా అని. నీకు చెల్లెలికంటే నీ డాక్టరేటే ఎక్కువైపోయింది."

"ఇష్టం లేకపోతే మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చని ముందే చెప్పాను. ఎందుకు మానలేదు?"

"మానేస్తే ఆ కొంగ ఒక్కతే తాగి బలుస్తుంది. నేను చూస్తూ కూర్చోవాలా?"

గోడ తుడుస్తున్న చెయ్యి ఆగింది. నిజంగానే కనుక్కుని ఉంటే పోయేదేమో అని ఒక్క క్షణం అనిపించింది అక్కకు. అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"తెలిసే నాకు నీళ్లిచ్చావని కమిటీకి చెప్పేశాను," అంది చెల్లెలు. "వస్తున్నారు. నా పరుగు పోయిందిగా, నీ పరిశోధన కూడా పోవాలి."

తలుపు తెరుచుకుంది. ముందు కమిటీ పెద్దావిడ, వెనకే కోచ్, సీసాలు నింపినాయన, అందరికంటే వెనక కొంగ.

"అక్కాచెల్లెళ్ల గొడవలోకి నా జట్టును లాగారు," అన్నాడు కోచ్ వస్తూనే. "ఇకమీదట ఒక్క పిల్లను కూడా ఈ గడప తొక్కనివ్వను."

"మీరు కాసేపు ఊరుకోండి." పెద్దావిడ అక్క వైపు తిరిగింది. "ఈ అమ్మాయి చెప్పేది నిజమైతే నీ పని ఇక్కడితో సరి. పదిమంది నమ్మి ఒళ్లు అప్పగిస్తే జరిగే పనమ్మా ఇది. నీ వాళ్లూ పరాయివాళ్లూ అని చూస్తే ఎలా?"

"నిన్నటితో ప్రయోగం అయిపోయింది మేడమ్. ఎవరికి ఏది వెళ్లిందో ఆయన్నే చెప్పమనండి."

ధైర్యంగానే అంది కానీ, అక్కకు లోపల భయంగానే ఉంది. చెల్లెలికి పడింది ఉత్తదే అయితే, కమిటీ నమ్మినా అమ్మ నమ్మదు. తప్పు చేయకపోయినా ఆ ఇంట్లో జీవితాంతం తనే దొంగ.

సీసాలు నింపినాయన గొంతు సవరించుకున్నాడు. "చెల్లెలుగారికి వెళ్లింది అసలు రసం. ఈ పొడుగమ్మాయికి సత్తువ తీసేసింది."



"విన్నావుగా?" అంది అక్క. కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా గొంతు కఠినంగానే ఉంది. "ఇప్పుడు చెప్పు, నిన్ను ఎవరు ముంచారో!"

చెల్లెలి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ట్రెడ్‌మిల్ అంచు మీద కూలబడింది.

"నేనే ముంచుకున్నాను," అంది గొణుగుతూ. "మంచిది దానికే ఇచ్చి ఉంటారని... రోజూ పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, ఫ్రిజ్‌లో దాని మూత నా సీసాకి, నా మూత దాని సీసాకి పెట్టేశాను."

పెద్దావిడ కళ్లజోడు తీసేసి నుదురు రుద్దుకుంది. అక్క నిలుచున్నచోటే బిగుసుకుపోయింది. కొలిచినవన్నీ తప్పుడు లెక్కలే. ఇన్నాళ్ల చాకిరీ సొంత చెల్లెలి చేతుల్లోనే గంగలో కలిసింది.

చెల్లెలు మాత్రం చటుక్కున లేచి నిలబడింది. ముఖంలోకి కళ వచ్చేసింది.

"అయితే అది గెలిచింది నా రసంతోనే! వింటున్నారా సార్? నేను నీళ్లు తాగి కూడా దాని వెంటే వచ్చాను. ఆ చోటు నాది. పోటీ మళ్లీ పెట్టాల్సిందే!"

కోచ్ గడ్డం గోక్కున్నాడు. "అదీ నిజమే..."

కొంగ ముందుకొచ్చింది.

"నువ్వు మూతలు మార్చడం మొదటిరోజే తలుపు చాటు నుంచి చూశాను," అంది తాపీగా. "నీ సీసాలో ఏ మందు కలిపి నన్ను డోపింగ్‌లో ఇరికిస్తావోనని భయమేసి, నువ్వు అటు తిరగ్గానే రోజూ మళ్లీ ఎవరి మూత వాళ్ల సీసాకే పెట్టేసేదాన్ని."