లాలి ఊదిన విజిల్

దుమ్ముగూడెంలో కబడ్డీ ఫైనల్. ఒక్క పాయింటు వస్తే కప్పు కోచ్ వెంకటకృష్ణ సారుదే. కూతకు వెళ్లిన కుర్రాడి తల నేలకు కొట్టుకుంది. సారు వాడి నెత్తిన నీళ్లు కుమ్మరించి మళ్లీ బరిలోకి తోశాడు. ఒకప్పుడు తలకు దెబ్బ తగిలిన నా బిడ్డ లాలినీ ఇట్లాగే తోశాడు. ఆ దెబ్బతో దాని ఆట పోయింది. ఇప్పటికీ ఎండలో తల పట్టుకుంటుంది.

ఈ రోజు రెఫరీ లాలే. విజిల్ ఊది కుర్రాణ్ణి బయటికి పంపింది.

"పోనియ్ లాలీ, ఒక్క కూతే! పోరడు మంచిగనే ఉన్నడు" అన్నాడు సారు.

"నా గురించి గూడ గట్లనే అన్నరు సార్."

వాడు లేక ఆ పాయింటు రాలేదు, కప్పు పోయింది. నేను తువ్వాలు ఎగరేసి గంతులేశాను. "మస్తు చేసినవ్ బిడ్డా!" సారు ఏడుపు ముఖం దగ్గర నుంచి చూద్దామని పరుగెత్తాను.

కుర్రాడు ఆయన చొక్కా పట్టుకుని అడుగుతున్నాడు: "నాన్నా, ఫైనల్ ఇంకెప్పుడు మొదలైతది?"