మేనత్త నలుగు

ఈ రోజుల్లో మా పెళ్లిళ్లలో నలుగు పెట్టేవాళ్ల చేతుల మీద ముందు నీలం దీపం వేసి చూస్తారు. మందులకు లొంగని తామర ఊరూరా పాకాక వచ్చిన ఆచారం ఇది. తామర ఉంటే ఆ వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తుంది. మాత్ర వేసుకుంటూ, నిమ్మగడ్డి నూనె కలిపిన మందు నలభై రోజులు ఆపకుండా పూస్తేనే అది చస్తుంది.

మా అమ్మాయి చంద్రకళకు తొలి నలుగు పెట్టాల్సింది మేనత్త, అంటే మా చెల్లెలు పైడితల్లి. అది పీట దగ్గరకు రాగానే నిమ్మగడ్డి వాసన గుప్పుమంది.

వియ్యపురాలు ముక్కు మూసుకుంది. "ఏటమ్మా ఈ కంపు? ఈ చేత్తోనే పిల్లని ముట్టుకుంటావేటి?"

"నలభై రోజులూ పూసేను వదినా. నిన్నటితో అయిపోనాది. దీపమెట్టి చూసుకోండి."

చూశారు. దాని చేతులు శుభ్రంగా ఉన్నాయి.

నేను మాత్రం నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. మా ఇద్దరికీ ఒక్కసారే అంటుకుంది. దురద తగ్గిందని, వియ్యాలవారి ముందు కంపు కొట్టకూడదని నేను పదో రోజే పూత మానేశాను. పిండి కలిపేవాళ్లకు దీపం వెయ్యరు. ఇందాక ఆ పిండి కలిపింది నేనే.

చెల్లెలు గుప్పెడు పిండి తీసుకుని అమ్మాయి బుగ్గ వైపు చెయ్యి చాపింది.

"ఆగవే!" అని అరిచాను. "ముందు నా చేతులు చూడండి."

అమ్మాయే దీపం నా వైపు తిప్పింది. నా వేళ్ల సందులు ఆకుపచ్చగా మెరిశాయి.

చెల్లెలు తన అరచేతికి అంటిన పిండినే చూస్తూ ఉండిపోయింది.

"మళ్లీ నలభై రోజులు, అన్నియ్యా" అంది మెల్లగా.